ఉత్త ప్లానుకి డబ్బులెవరిస్తారు

కొండ ఎక్కడానికి డబ్బులిచ్చే కుటుంబాలు ఉంటాయని మా అత్తకి చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది. ఆ డబ్బులు కొండకి కాదని, కొండ ఎలా ఎక్కాలో, ఎక్కడ ఆగాలో, ఏం తినాలో, ఏ వయసువాళ్లు ఎంత దూరం నడవాలో రాసిచ్చే కాగితానికని చెప్పడానికి ఇంకో పూట పట్టింది. ఆవిడ చేటలో బియ్యం చెరుగుతూ మొత్తం విన్నది. విని, ఒక మెరిక ఏరి పారేసి, "మరి దిగడానికి ఎవులికియ్యాలే?" అంది.

మా అత్త అంటే నా మేనత్తే. నేను బావనే చేసుకున్నాను. మేనరికంలో సుఖమేమిటంటే కోడలు అత్తకి కొత్తగా భయపడక్కర్లేదు. కష్టమేమిటంటే కోడలి గురించి అత్త కొత్తగా తెలుసుకోవాల్సిందేమీ ఉండదు. నా నోరు ఎలాంటిదో నేను పలక పట్టిన నాటి నుంచీ ఆవిడ ఎరుగును.

అప్పటికి నేను ఉద్యోగం మానేసి పదకొండు రోజులు. మేముండేది గరివిడిలో. బావకి అక్కడి ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. నేను రోజూ ప్యాసింజరు రైల్లో విజయనగరం వెళ్లి, ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేదాన్ని. అలా పందొమ్మిదేళ్లు చెప్పాను. ఒకరోజు రైలు ఆలస్యమై నేను నాలుగు నిమిషాలు లేటుగా వెళితే, ప్రిన్సిపాల్ హాజరు పట్టీలో నా పేరు పక్కన ఎర్ర సిరాతో గీత పెట్టాడు. రైలు లేటండీ అంటే సరిపోయేది. నేను అలా అనలేదు. స్టాఫ్ రూమ్ మధ్యలో నిలబడి పందొమ్మిదేళ్లలో ఆ కాలేజీకి నేను ఉచితంగా ఇచ్చిన గంటలన్నీ ఏకరువు పెట్టాను. ఇంకోసారి ఈ గడప తొక్కితే నా పేరు మార్చుకుంటానని కూడా అన్నాను. ఆ శపథం ఎవరూ అడగలేదు. ప్రిన్సిపాల్ నా వంక చూసి, "మంచినీళ్లు తాగండి మేడమ్" అన్నాడు. అంతకంటే పెద్ద అవమానం నాకు ఇంతవరకూ జరగలేదు. అక్కడే ఓ తెల్లకాగితం అడుక్కుని రాజీనామా రాశాను. కాలేజీ నడిపే కరస్పాండెంటు పెద్దమనిషి. కాగితం సొరుగులో పెట్టి, జూన్‌లో కాలేజీ తెరిచేదాకా దీన్ని నేను చూడలేదనుకోండి అన్నాడు.

సరే, ఇక ఏం చెయ్యాలి అన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. ఏటేటా స్టాఫ్ పిక్నిక్కులన్నీ నేనే ప్లాను వేసేదాన్ని. ఎవరు ఏ బండిలో, ఎన్నింటికి ఎక్కడ టిఫిను, ఎవరి పిల్లలకి వాంతులు, వాళ్లని కిటికీ పక్కన ఎలా కూర్చోబెట్టాలి, అన్నీ. మీ ప్లానంటే ప్లానే మేడమ్ అని అందరూ అనేవారు. పెద్ద ఊళ్లలో కొందరు ఇదే పని డబ్బులకి చేస్తారని ఫోన్లో చదివాను. కుటుంబానికి కొలతలు తీసుకుని సాహస యాత్ర కుట్టి ఇస్తారట. కోరిక వేరు, డిమాండు వేరు, కొనే ఇష్టమూ శక్తీ తోడైతేనే కోరిక డిమాండవుతుంది అని పందొమ్మిదేళ్లు బోర్డు మీద రాసినదాన్ని, ఉచితంగా తిన్నవాళ్ల పొగడ్తని డిమాండు అనుకున్నాను. మా ఫస్టియర్ పిల్లలు కూడా ఈ తప్పు రాయరు.

బావ మాటలు తక్కువ మనిషి. ఆ రాత్రి అన్నం తింటూ ఒకే మాట అడిగాడు.

"ఉత్త ప్లానుకి డబ్బులెవులిస్తారే?"

ఎవరిస్తారో చూపిస్తానన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. వాదనలో ఎదుటివాడు ఒప్పుకోకముందే షరతులు నేనే పెట్టుకోవడం నాకు అలవాటు. జూన్‌లో కాలేజీ తెరిచేలోగా ఒక కుటుంబం, ఒకే ఒక్క కుటుంబం, నా చేతిలో డబ్బు పెడుతుందన్నాను. అది బండికి కాదు, భోజనానికి కాదు, నేను వెంట వచ్చినందుకు కాదు, ప్లానుకి మాత్రమే అన్నాను. అలా జరక్కపోతే నోరు మూసుకుని వెళ్లి ఆ ప్రిన్సిపాల్ ఎదురుగా కూర్చుంటానన్నాను. బావ సరే అని మజ్జిగ పోసుకున్నాడు. నాకు ఆ కాలేజీకి తిరిగి వెళ్లడం కంటే గరివిడి స్టేషన్లో వేరుశెనక్కాయలు అమ్ముకోవడం నయం. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

వాట్సప్పులో నాకున్న అన్ని గ్రూపుల్లోనూ ప్రకటన పెట్టాను. పూర్వ విద్యార్థులు, చీరల చీటీ, అపార్టుమెంటు నీళ్ల సమస్య, దేన్నీ వదల్లేదు. మీ ఇంటిల్లిపాది కొలతలకి తగిన సాహస యాత్ర అని రాశాను. ఒక ఫారం కూడా తయారుచేశాను. వయసులు, మోకాళ్ల నొప్పులు, ఎత్తంటే భయమా, నీళ్లంటే భయమా, అన్నిటికీ గడులున్నాయి. మొదటి రెండు గడులు మాత్రం స్వగ్రామం, ఇంటిపేరు.

ఆ రెండు గడులే నా కొంప ముంచాయి.

మా వైపు కొత్త మనిషి ఎదురైతే ముందు ఊరు అడుగుతాం, తర్వాత ఇంటిపేరు, తర్వాత ఆ ఇంటిపేరుగల వాళ్లలో మనకి తెలిసినవాళ్లు. నాలుగో మాటకి వరస కలుస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వరస కలవని మనిషి దొరకాలంటే బాగా వెతకాలి. వరస కలిసిన మనిషికి సలహా ఇచ్చి డబ్బులడగడమంటే, పెళ్లికి పిలిచి భోజనానికి బిల్లు వెయ్యడం లాంటిది. ఈ సంగతి తెలియక కాదు. ఊరు పేరు అడక్కుండా మాట మొదలెట్టడం నాకు చాతకాలేదు, అంతే.

మొదటి ఫోను పాతపట్నం నుంచి. ఒక బట్టల కొట్టాయన భార్య. గొంతులో హుషారు ఉంది, పిల్లలకి సెలవులున్నాయి, గుడారంలో పడుకోవాలని ఉంది. సరిగ్గా నేను కోరుకున్న కుటుంబం. ఏ ఊరండీ అన్నాను. అయిదు నిమిషాల తర్వాత ఆవిడ మా అమ్మ పినతల్లి మునిమనవరాలికి తోటికోడలయింది. పది నిమిషాల తర్వాత నన్ను పిన్నీ అంది. నీకు డబ్బులిస్తే బాగోదు పిన్నీ, ఏటేటి పట్టుకెల్లాలో వాట్సప్పులో పెట్టీ అంది. పెట్టాను. అయిదు పేజీలు, రెండు రంగుల్లో. దోమల మందు ఎంత దూరం నుంచి కొట్టుకోవాలో కూడా రాశాను.

రెండోవారిది అరసవల్లి. గుడి వీధిలో లాడ్జీ చూసుకునే మనిషి. సాహసయాత్ర కావాలి గానీ ఆదివారం సూర్యనారాయణమూర్తి దర్శనం అయ్యాకే బయల్దేరాలి, చీకటి పడేలోగా ఇంటికి చేరాలి, అత్తమామలు నడవలేరు, ఎక్కడా మెట్లు ఉండకూడదు. సాహసం ఎక్కడండీ ఇందులో అంటే, "మా యావిడ్ని, మా యమ్మని ఒకే కార్లో కూకోబెడతన్నాను, ఇంకేటి కావాలి వదినా" అన్నాడు. అప్పటికే వదిననైపోయాను. ఫీజు బదులు వారానికి ఓ సంచీడు మునక్కాయలు వచ్చాయి. మంచి మునక్కాయలే.

మూడోవాయన ఇంటిపేరు విన్నా ఏ వరసా తేలలేదు. దేవుడి దయ అనుకున్నాను. ఆయన అరకు వెళ్తామన్నాడు. అరకు సాహసం కాదని, అందరూ వెళ్లిన చోటికి వెళ్లడం ఊరేగింపని చెప్పాను. ఆయన ఏదో అన్నాడు. నేను మూడు అన్నాను. నలభై నిమిషాలకి ఆయన, మీరు చెప్పిందే నిజం మేడమ్ అని పూర్తిగా ఒప్పుకుని ఫోను పెట్టేశాడు. మళ్లీ చెయ్యలేదు. నేను చేస్తే ఎత్తలేదు.

అలా మార్చి వచ్చేసింది. నా ఫోన్లో చుట్టాల సంఖ్య పెరిగింది. మా అత్త రోజూ మునక్కాయ పులుసు వడ్డిస్తూ, "సాహసం బాగున్నాది" అనేది. బావ ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, "నువ్వు కాగితాలమ్ముతన్నావా, సుట్టాల్ని పోగేస్తన్నావా? ఆ రెండు గడులూ తీసెయ్యే" అన్నాడు. రెండు రోజులు వాదించి, మూడో రోజు ఆయనకి చెప్పకుండా తీసేశాను.

ఆ వారంలోనే విజయనగరం నుంచి ఒక బ్యాంకు మేనేజరు ఫోను చేశాడు. బదిలీ మీద రాయలసీమ నుంచి వచ్చి ఆరు నెలలట. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. ఊరు అడక్కుండానే మాట తీరు పట్టిచ్చింది. బావకి చెబితే మొహం వెలిగింది. ఎంత లాగినా వరస తగలదు, బేగి ఎల్లు అన్నాడు.

ఏడు పేజీల ప్లాను రాశాను. పాతపట్నం దాటాక, ఒడిశా సరిహద్దు కొండల మొదట్లో మా పుట్టింటివాళ్ల ఊరు. మా చిన్నాన్న అక్కడే సేద్యం చేసుకుంటున్నాడు. ఆయన జీడితోటలో రెండు గుడారాలు వేసి ఒక రాత్రి. తెల్లవారుజామున కొండ ఎక్కుడు. పైన సెలయేరు దగ్గర చోడి అంబలి, ఉల్లిపాయ. ఎండ ముదిరేలోగా దిగిరావడం. పెద్దావిడకి మోకాళ్ల నొప్పులున్నాయి కనుక ఆమె పేరు పక్కన "ఇంటి దగ్గర విశ్రాంతి" అని రాశాను. ఆ మాటల కింద గీత కూడా పెట్టాను, నా శ్రద్ధ తెలియడానికి.

మూడో అంతస్తులో వాళ్ల ఫ్లాటుకి వెళ్లి ప్లాను చదివి వినిపించాను. మేనేజరు, ఆయన భార్య బుద్ధిగా విన్నారు. చోడి అంబలి అన్న మాట దగ్గర లోపలి గదిలోంచి ఒక గొంతు వచ్చింది.

"చోడంటే ఏంది? రాగులా?"

అవునండీ అన్నాను. డెబ్బై దగ్గరపడ్డ సన్నటి మనిషి గుమ్మంలోకి వచ్చింది. రాగులు సంగటి చేసుకోవాలి గానీ నీళ్లలో కలుపుకుని తాగడమేందని, మీ పక్కోళ్లకి నమిలేదానికి పండ్లు లేవా అని అడిగింది. నేను ఊరుకుంటానా. మండుటెండలో నాటు వేసే మనిషికి ముద్ద గొంతు దిగదు, చల్లటి అంబలి దిగుతుందన్నాను. ఎండ గురించి మాకు నువ్వు చెప్తావా అంది. మీది పొడి ఎండ, మాది ఉప్పు గాలి ఎండ అన్నాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. అరగంట పైన సాగింది. మేనేజరు, భార్య ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటూ గోడకి ఆనుకుని నిలబడిపోయారు. నా వాదనా పటిమకి ముగ్ధులయ్యారనుకున్నాను.

చివరికి ఆ పెద్దావిడ, చూస్తాలే నీ అంబలి సంగతి అని లోపలికి వెళ్లింది. నేను లేచాను. ఫీజు సంగతి అప్పుడే చెప్పాలి. మెట్లెక్కుతూ ఆ వాక్యం నాలుగుసార్లు మననం చేసుకున్నాను కూడా. ఇంతలో మేనేజరు భార్య కుంకుమ భరిణె తెచ్చి నాకు బొట్టు పెట్టింది. రెండు అరటిపళ్లు, ఓ ఆకుపచ్చ జాకెట్టు ముక్క చేతిలో పెట్టింది. ప్రిన్సిపాల్‌ని స్టాఫ్ మొత్తం ఎదుట దులిపేసిన నా నోరు అక్కడ తెరుచుకోలేదు. వస్తానమ్మా అని మూడంతస్తులూ దిగేశాను.

"ఫీజు సెప్పినావా?" అన్నాడు బావ, నేను ఇంటికి రాగానే.

"బొట్టు పెట్టించుకుని డబ్బులెలా అడుగుతాను బావా?"

"బొట్టు నుదుటిక్కదా పెట్టినారు. నోటికేటైంది?"

మర్నాడు ఫోన్లో ఫీజు ఎంతో రాసి పంపాను. తొమ్మిదిసార్లు రాసి చెరిపాను. వీలుంటేనే సుమా అని ఒకసారి, మీ ఇష్టం అని ఒకసారి కలిపి, రెండూ తీసేసి, చివరికి అంకె ఒక్కటే పంపాను. పైనా కిందా ఏమీ లేని ఆ అంకె ఏదో బస్సు నంబరులా ఉంది. ఆయన బొటనవేలు బొమ్మ పెట్టాడు. అది ఒప్పుకోలో, చదివానన్న గుర్తో తెలియక నేను వారం రోజులు ఆ బొటనవేలు వంక చూస్తూ గడిపాను.

తర్వాత ఆయనే ఫోను చేశాడు. పిల్లల పరీక్షలయ్యాయి, ఈ శనివారం బయల్దేరుతున్నాం, కానీ ఒక చిక్కొచ్చింది అన్నాడు. "మా అమ్మ ఆయమ్మ వస్తాదా అని అడుగుతాంది మేడమ్. మీరు రాకపోతే తనూ రాదంట."

నేను ప్లాను ఇచ్చేదాన్నే గానీ వెంట వచ్చేదాన్ని కానని చెప్పాను. వెంట వెళితే షరతు పోతుంది. ఆయన రెండోసారి అడిగాడు. నా ప్లాను నా కళ్లెదుట నడవడం చూడాలన్న ఆశ ఒకటి లోపల ఎప్పటి నుంచో ఉంది. నాకు నేనే నచ్చజెప్పుకున్నాను, పర్యవేక్షణ ప్లానులో భాగమేనని. వెళ్లాను.

ఊరు చేరేసరికి సాయంత్రం. జీడిపళ్ల వాసన రోడ్డు మీదికే కొడుతోంది. పిల్లలిద్దరూ గుడారాలు విప్పి తోటలోకి పరుగెత్తారు. మా చిన్నాన్న గుమ్మంలో నిలబడి ఆ గుడారాల వంక, నా వంక చూశాడు.

"ఏటే ఇది? ఇంట్లో మంచాలుండగా సుట్టాల్ని సెట్ల కింద పడుకోబెడితే రేపు ఊర్లో మొకమెలా సూపించుకోవాల నాను?"

"చుట్టాలు కారు చిన్నాన్నా, కస్టమర్లు."

"మన గుమ్మంలో కాళ్లు కడుక్కున్నోలు సుట్టాలు కాకపోతే ఎవులే?"

అడవిలో ఉన్నట్టుండాలి చిన్నాన్నా, అదే దీని అందం అని బతిమాలాను. ఆయన కొంత దిగొచ్చాడు. అంటే, చుట్టాలు తోటలో పడుకోవచ్చు గానీ నేల మీద పడుకోడానికి వీల్లేదు. అయిదు నవారు మంచాలు తోటలోకి నడిచాయి. గుడారంలో మంచం పట్టలేదు. మంచం మీద గుడారం నిలబడలేదు. ఆఖరికి ఒక గుడారం కూరగిన్నెల మీద ఆకులు రాలకుండా కప్పడానికి పనికొచ్చింది. కూరగిన్నెలేమిటంటారా, నా ప్లానులో ఆ రాత్రికి చపాతీ, అరటిపండు మాత్రమే ఉన్నాయి. మా పిన్ని నాటుకోడి కూర, గుమ్మడికాయ దప్పళం, రెండు పచ్చళ్లు, గారెలు పంపింది. మేనేజరు మూడోసారి గారె వేయించుకుంటూ ఇంత సాహసం చేస్తామనుకోలేదు మేడమ్ అన్నాడు. వెక్కిరింపో మెచ్చుకోలో కనిపెట్టడం నాకు అప్పట్లో కష్టంగా ఉండేది.

తెల్లవారుతుండగా నడక మొదలైంది. పెద్దావిడకి ఇంటి దగ్గర విశ్రాంతి అని రాశానా, ఆవిడ అందరికంటే ముందు చీర కొంగు దోపుకుని దారిలో నిలబడి ఉంది. మోకాళ్లండీ అన్నాను. మోకాళ్లు మెట్లకి నొప్పి చేస్తాయి, కొండకి కాదంది. ఆవిడ పుట్టింది, మెట్టింది రెండూ గుట్టల కిందనే. యాభై ఏళ్లు గుట్టవార చేలో శెనక్కాయ వేసిన మనిషి. మూడో అంతస్తు ఫ్లాటులో కూర్చోబెడితే ఆ మోకాళ్లు నొప్పి పుట్టక ఏం చేస్తాయి. ఇవేవీ నా ఫారంలో గడులుగా లేవు.

నేను రాసిన ప్రకారం ఆ ఎక్కుడు "సులువు, గంటంపావు". నేను చివరిసారి ఆ కొండ ఎక్కింది డిగ్రీ రెండో ఏడాదిలో. గంటంపావు అప్పటి లెక్క. మొదటి పావుగంటలో పిల్లలు కనిపించకుండా పోయారు. తర్వాత మేనేజరు దంపతులు. నా పక్కన ఆ పెద్దావిడ ఒక చేత్తో చెప్పులు, ఇంకో చేత్తో కర్ర పట్టుకుని, మీ పక్క ఎద్దులకి మూతిబుట్టలు ఎందుకు కడతారు, మీ చేల గట్లు ఇంత సన్నమెందుకు అని అడుగుతూ నడుస్తోంది. నేను ఏ ప్రశ్ననీ వదల్లేదు. కానీ సగం కొండ దగ్గర జవాబుకి ఊపిరి చాల్లేదు. జీవితంలో మొదటిసారి ఒకరు నన్ను ప్రశ్న అడిగితే నేను చెయ్యి ఊపి ఊరుకున్నాను. కొత్త బూట్లు మడమలు కొరికేశాయి. ఒక రాయి మీద కూలబడ్డాను.

ఆవిడ వంగి నా మొహం చూసింది. తన చేతికర్ర నా చేతిలో పెట్టింది.

"లెయ్యమ్మే. ప్లానేసిందానివి నువ్వే కూసుంటే యెట్ల?"

నన్ను ఆవిడే పైకి చేర్చింది. ముందు నడుస్తూ, పది అడుగులకోసారి ఆగి, నాకు కోపం వచ్చే మాట ఒకటి అంటూ. సంగటి తినుంటే ఎక్కేదానివి, అంబలి తాగితే ఇంతే అనేది. నేను ఆ కోపంతో ఇంకో పది అడుగులు వేసేదాన్ని. సెలయేటి దగ్గరికి వెళ్లేసరికి పిల్లలు నీళ్లలో ఉన్నారు, ఎండ నెత్తి మీద ఉంది, ప్లాను ప్రకారం మేము దిగిపోయి రెండు గంటలు కావాలి. అంబలి గిన్నె విప్పాను. ఆవిడ ఒక గుక్క తాగింది. ఏమీ అనలేదు. ఇంకో గ్లాసు పొయ్యమని చాపింది. నేను కూడా ఏమీ అనలేదు. అలా అనకుండా ఉండడం ఎంత కష్టమో ఆ కొండకి తెలుసు.

ఆదివారం సాయంత్రం గరివిడిలో నన్ను దింపి మేనేజరు కారు దిగాడు. జేబులోంచి కవరు తీసి రెండు చేతులతో ఇచ్చాడు. నేను పంపిన అంకె కంటే కాస్త ఎక్కువే ఉంది, తర్వాత చూశాను. గెలిచాననుకున్నాను. మాట అక్కడితో ఆపకుండా, "ప్లాను బాగుందా అండీ?" అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

ఆయన మొహమాటపడ్డాడు. "ప్లాను సంగతి కాదు మేడమ్, దాంట్లో సగం మనం చెయ్యనే లేదు గదా. ఈ పక్కకి వచ్చినకాడి నుంచీ మా అమ్మ నోరిప్పి మాట్లాడింది లేదు. ఆ పొద్దు మీరొచ్చి పోట్లాడితిరే, అప్పుడు మాట్లాడింది. ఈ రెండు దినాలూ మాట్లాడింది. దానికి."

కారు వెనక సీట్లోంచి ఆ పెద్దావిడ కిటికీ దించి, కాలికి పసుపు పెట్టుకో అంది.

ఇంట్లో కవరు బల్ల మీద పెట్టి మొత్తం చెప్పాను. బావ కవరు తిప్పి చూసి, నవ్వి, గెలిచావు పో అన్నాడు. ఇక కాలేజీ ఊసు లేదన్నాడు. ఆయన మొహంలో నా కంటే ఎక్కువ సంతోషం ఉంది. నేను ఆ ప్రిన్సిపాల్ ముందు తల దించుకోవడం ఆయనకీ ఇష్టం లేదని నాకు అప్పుడే తెలిసింది. అక్కడ నోరు మూసుకుంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

"ఇది ప్లానుకి కాదు బావా" అన్నాను.

ఆయన డబ్బు డబ్బే అన్నాడు. కాదన్నాను. షరతు ఏమిటో గుర్తు చేశాను. వెంట వెళ్లినందుకు వచ్చింది లెక్కలోకి రాదని చెప్పింది నేనే. ఆయన, నువ్వు ప్లాను వెయ్యకపోతే వాళ్లు నీకు తగిలేవారా, ఆవిడ నీతో పోట్లాడేదా అన్నాడు. అది కారణం, కొనుగోలు కాదన్నాను. సంతకి వెళ్లే దారిలో వాన పడితే వానని కొన్నట్టా అన్నాను. మా అత్త కూడా బావ పక్షం చేరింది. పంతులుగారికి ఇచ్చేది ముహూర్తం పెట్టినందుకా, పెళ్లి సేయించినందుకా, ఒకే సేత్తో ఇస్తాం, ఎవులైనా ఇడదీసి సూస్తారా అంది. మంచి పాయింటే. అది కూడా కొట్టేశాను. ముహూర్తం మారిపోయి, మంత్రాలు సగం మానేసి, పంతులుగారు పెళ్లికూతురి నాయనమ్మతో పోట్లాడినందుకు సంభావన ఇస్తే, అది పౌరోహిత్యానికి ఇచ్చినట్టా అని అడిగాను.

బావ కవరు నా వైపు జరిపాడు. "అయితే నువ్వు ఓడిపోయినావని నువ్వే రుజువు సేస్తన్నావు."

అవునన్నాను. ఆ మాట అన్న తర్వాత గానీ నేను ఏం చేశానో నాకు అర్థం కాలేదు. మా పెళ్లయి ఇరవై ఆరేళ్లలో ఆయన నా వైపు గట్టిగా వాదించింది ఆ ఒక్కరోజే. ఆ ఒక్కరోజూ ఆయన్ని ఓడించాను.

"గెలిసినావు గదా, బువ్వొడ్డించు" అంది మా అత్త.

ఏప్రిల్, మే గడిచాయి. ఇంకో రెండు ఫోన్లొచ్చాయి. ఇద్దరూ బండి ఎంత, భోజనం ఎంత, మీరు వస్తారా అనే అడిగారు. ప్లాను గురించి ఎవరూ అడగలేదు. జూన్ మొదటి వారంలో కరస్పాండెంటుకి ఫోను చేశాను. రాజీనామా గురించి, గడప గురించి, పేరు మార్చుకోవడం గురించి ఒక పెద్ద ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. ఆయన నా గొంతు విని, తొమ్మిదిన్నరకి వచ్చెయ్యండి మేడమ్, ఫస్టియర్ టైంటేబుల్లో మీ పేరు వేశాం అన్నాడు. ఉపన్యాసం నా దగ్గరే ఉండిపోయింది.

మొదటిరోజు ప్రిన్సిపాల్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఒక్క మాట అనుంటే బతికిపోయేదాన్ని. హాజరు పట్టీ నా వైపు తిప్పి, తన పెన్ను ఇచ్చాడు. నీలం సిరా. సంతకం పెట్టి, థాంక్యూ సార్ అన్నాను. స్టాఫ్ రూమ్‌లో నలుగురు ఆ మాట విన్నారు. విన్నట్టు కనిపించకుండా ఉండడానికి వాళ్లు పడ్డ పాట్లు చూడలేక కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

మధ్యాహ్నం డబ్బా విప్పుతుండగా ఫోను మోగింది. మేనేజరు నంబరు. గొంతు మాత్రం వాళ్లమ్మది.

"ఏమ్మే, ఈ తూరి యాడికి?"

నేను మళ్లీ కాలేజీలో చేరానని, ప్లాన్లు వెయ్యడం మానేశానని చెప్పాను. పక్కన ఎకనామిక్స్ నోట్సు, ముందు చల్లారిపోతున్న పప్పన్నం.

"ప్లానెవురికి కావల్ల? నువ్వు వస్తావా, రావా?"

ఆదివారం విజయనగరం వచ్చే రైలు తొమ్మిదింటికి ఉందని చెప్పాను. తొమ్మిదికి ఎండెక్కుతుంది, ఆరింటిది చూడు అంది. ఆరింటిది గరివిడిలో ఆగదన్నాను. ఎందుకు ఆగదు అంది. బెల్లు కొట్టేశారు, ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు.